క్వెరీ విండో దాటని మనిషి

ప్రతి ఆఫీసులోనూ ఒక డీబీఏ గారుంటారు. పొద్దున్నే క్వెరీ విండో తెరిచారంటే రాత్రి దాకా అందులోంచి బయటికి రారు. మౌసు ముట్టుకోవడం ఆయనకి నామోషీ. మనకి ఫోల్డరు కావాలంటే కుడి బటను నొక్కి, న్యూ ఫోల్డర్ అని పని కానిచ్చేస్తాం. ఆయన దాన్ని గుమాస్తా పని అంటారు.

"సార్, బ్యాకప్‌లకి డీ డ్రైవులో ఒక ఫోల్డరు కావాలి" అన్నాడు కొత్తగా చేరిన కుర్రాడు. డీబీఏ గారి కళ్లు మెరిశాయి.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోంచి నేరుగా విండోస్‌కి ఆజ్ఞలిచ్చే తలుపొకటుంది. పేరు ఎక్స్‌పీ కమాండ్‌షెల్. ఆ దారిన ఎవరు దూరతారోనన్న భయంతో 2005 వెర్షను నుంచీ మైక్రోసాఫ్ట్ వాళ్లు తాళం వేసే పంపిస్తున్నారు. డీబీఏ గారు ముందు అడ్వాన్స్‌డ్ ఆప్షన్లు చూపించమన్నారు, రీకాన్ఫిగర్ అన్నారు. తర్వాత తాళం తీశారు, మళ్లీ రీకాన్ఫిగర్ అన్నారు.

"ఎక్స్‌పీ క్రియేట్ సబ్‌డిర్ అని ఇంకోటుందట కదా సార్? తాళంతో పనిలేదట, ఫోల్డర్లో ఫోల్డరు కూడా ఒకేసారి చేసేస్తుందట."

"మైక్రోసాఫ్ట్ వాళ్లు పుస్తకంలోకి ఎక్కించని దాన్ని వాడమంటావా? నేను పద్ధతైన మనిషినోయ్!"

ఫోల్డరు పేరు 'మార్చి నెల బ్యాకప్'. పద్ధతైన మనిషి పేరు చుట్టూ కోట్ గుర్తులు మాత్రం మరిచారు. మూడు మాటలు చూసి విండోస్ మూడు ఫోల్డర్లనుకుంది. 'మార్చి' డీ డ్రైవులో పుట్టింది. 'నెల', 'బ్యాకప్' పోయి పోయి సిస్టమ్32లో పుట్టాయి. సర్వీసు ఖాతాకి సర్వాధికారాలూ ధారపోసింది ఆయనే కనక అడ్డుకునే నాథుడు లేకపోయాడు.

కుర్రాడు తన కంప్యూటర్లో వెతికి, "ఏదీ రాలేదు సార్" అన్నాడు.

"నీ దగ్గరికెందుకొస్తుంది? క్వెరీ ఇక్కడ రాసినా నడిచేది సర్వర్లో" అంటూ ఆయన సర్వర్లోకి తొంగిచూసి, ఒక్క క్షణం ఆగి, "కంగారుపడకు, బిగిన్ ట్రాన్ పెట్టుకునే మొదలెట్టా" అని రోల్‌బ్యాక్ కొట్టారు. టేబుల్లో రాసుకున్న పద్దు చెరిగిపోయింది. ఫోల్డర్లు మూడూ చెక్కుచెదరలేదు. రోల్‌బ్యాక్ మాట డేటాబేసు గడప లోపలే చెల్లుతుంది. గడప దాటి చేసిన పని చేసినట్టే. చేసినదేదైనా వెనక్కి తీసుకోవచ్చని ఇరవయ్యేళ్లుగా నమ్మిన మనిషికి ఇది మింగుడుపడలేదు.

పక్క సీట్లో ఒరాకిల్ ఆయన కిసుక్కున నవ్వారు. డీబీఏ గారు గిర్రున తిరిగారు.

"మీ క్రియేట్ డైరెక్టరీ సంగతేంటండీ? 'డైరెక్టరీ క్రియేటెడ్' అని బల్లగుద్ది చెబుతుంది, తీరా డిస్కు మీద ఫోల్డరే ఉండదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! మాకు కనీసం ముగ్గురు పుట్టారు."

"ఆ ముగ్గుర్నీ మౌసుతో తీసేయనా సార్?" అన్నాడు కుర్రాడు.

"మౌసుతోనా!" అని ఆయన తీసేసే స్క్రిప్టు మొదలెట్టారు. అది సాయంత్రానికి నలభై లైన్లయింది.

తర్వాత కొన్నాళ్లకి ఆడిట్ వాళ్లొచ్చి, ఎక్స్‌పీ కమాండ్‌షెల్ తెరిచి ఉందేమిటని నిలదీశారు. డీబీఏ గారు స్క్రీను మీంచి కళ్లు తిప్పకుండానే జవాబిచ్చారు.

"తాళం తీసేదీ నేనే, వేసేదీ నేనే. మీరు మధ్యలో వచ్చారు."