పాత తుపాకి అమ్మకపు అర్జీ – టీకా తాత్పర్య సహితం

మూలం: "అయ్యా! నా పేర లైసెన్సు కలిగి, ఫలానా నెంబరు గల 12 బోరు డబుల్ బ్యారెల్ పాత తుపాకిని, ఫలానా ఊరి కాపురస్థులైన ఫలానా వారికి అమ్మదలచినాను గనుక తమకు ముందుగా తెలియజేసుకొనుచున్నాను. చిత్తగించవలెను."

అవతారిక: ఏకవాక్య కావ్యమైన ఈ అర్జీకి ఆధారం 1959 నాటి ఆయుధాల చట్టం, 5వ సెక్షన్, 2వ ఉపసెక్షన్. 1878 నాటి తెల్లదొరల చట్టాన్ని తోసిరాజని 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన ఈ శాసనం ఆయుధాల వ్యాపారానికి లైసెన్సు కావాలన్నది. ఆ వెంటనే కాస్త మెత్తబడి, సొంత వాడకానికి ఉంచుకున్న తుపాకిని అర్హత గల మరొకరికి అమ్ముకునే గృహస్థుకు వ్యాపార లైసెన్సు అక్కరలేదన్నది. అయితే రెండు షరతులు పెట్టింది. అమ్మే ఉద్దేశాన్ని, కొనేవారి పేరూ చిరునామాతో సహా రాతపూర్వకంగా ముందే తెలపాలి. తెలిపాక కనీసం 45 రోజులు ఆగాలి. మూలంలోని ప్రతి పదమూ ఈ రెండు షరతుల చుట్టూనే తిరుగుతుంది.

టీక: అయ్యా = ఓ అధికారీ! ఇది సంబోధన. ఏ అధికారి అన్న ప్రశ్నకు చట్టం ఇద్దరిని చూపింది: జిల్లా మేజిస్ట్రేటు, లేదా దగ్గరి పోలీసు స్టేషను అధికారి. హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ వంటి కమిషనరేట్లలో ఈ చట్టం వరకు జిల్లా మేజిస్ట్రేటంటే పోలీసు కమిషనరే. ఇద్దరిలో ఒకరికి ఇచ్చినా చెల్లుతుంది. ఇద్దరికీ ఇచ్చేవాడు వివేకి.

నా పేర లైసెన్సు కలిగి = అమ్మువాని పేరిట అమలులోనున్న అనుమతి పత్రము గలదై. ఈ విశేషణం చిన్నదే, బరువు మాత్రం పెద్దది. తాతగారు పోయారు, లైసెన్సు ఆయన పేర ఉంది, తుపాకి అటక మీద ఉంది, దసరాకు దించి బొట్టు పెట్టి మళ్లీ ఎక్కిస్తున్నారు. ఇలాంటి ఇళ్లలో మనవడు ఈ అర్జీ రాయడానికి అధికారి కాడు. 21వ సెక్షన్ ప్రకారం అతడు మొదట చేయవలసింది ఆ తుపాకిని ఆలస్యం లేకుండా స్టేషనులోగాని, నిబంధనలకు లోబడి లైసెన్సున్న డీలరు దగ్గరగాని జమ చేయడం. అలా చేస్తే హక్కు పోదు. జమలో ఉండగానే వారసులు అర్హులకు అమ్మించి సొమ్ము పుచ్చుకోవచ్చు. గడువు దాటనిస్తే మాత్రం తుపాకి సర్కారుకు జప్తవుతుంది. రెన్యువలు మరచినవాడి గతీ ఇంతే. తుపాకిని జమ చేశాకే అమ్మకం మాట.

ఫలానా నెంబరు గల = తయారీదారుని గురుతు చెక్కబడినట్టి. 8వ సెక్షన్ ప్రకారం పేరుగాని, సంఖ్యగాని, మరే గుర్తుగాని లేని తుపాకిని అమ్మరాదు, ఉన్నదాన్ని చెరపరాదు. ఏళ్ల తరబడి నూనె గుడ్డతో తుడిచిన తుపాకిపై అంకెలు అరిగి 3 ఏదో 8 ఏదో పోల్చుకోలేకపోతే, లైసెన్సులో ఉన్న అంకెను గుడ్డిగా దించకుండా, భూతద్దం పెట్టి రెండూ సరిచూసుకున్నాకే కలం పట్టాలి.

డబుల్ బ్యారెల్ = జంట గొట్టములు గల. పాత = పురాతనమైన; ఇది కేవలం పాదపూరణం. పేలే తుపాకికి పాతదన్న మినహాయింపు లేదు. మరమ్మతు చేసినా పేలని పురావస్తువుల సంగతి వేరు, దాన్ని 45వ సెక్షన్ చూసుకుంటుంది. ధర తగ్గించమని బేరమాడేటప్పుడు తప్ప ఈ పదంతో పని లేదు.

ఫలానా వారికి = కొనగోరువానికి. కావ్యంలో నాయకుడు ఇతడే గనుక ఇక్కడ వ్యాఖ్య కొంత పెరుగుతుంది. 9వ సెక్షన్ ఇతని లక్షణాలు చెప్పింది. 21 ఏళ్లు నిండి ఉండాలి, మతి స్థిమితం ఉండాలి. హింస, నైతిక పతనం వంటి నేరాలకు శిక్షపడినవారికి, శిక్ష తీరిన అయిదేళ్ల దాకా యోగ్యత లేదు. వీటన్నిటికీ మించి తుపాకి కొనడానికి లైసెన్సు, అందులో ఆ రకం ఆయుధానికి చోటు, కొనడానికి ఇచ్చిన గడువు ఉండాలి. 2019 సవరణ ఒక్కొక్కరి దగ్గర ఉండదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు దించింది కాబట్టి, ఇప్పటికే రెండున్న మోతుబరి ఎంత ధర పలికినా అనర్హుడే. 29వ సెక్షన్ ప్రకారం కొనేవాడి అర్హత ముందుగా తేల్చుకోకుండా ఆయుధం చేతికిచ్చినవాడికి మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. "నాకు తెలియదండీ" అన్నది ఇక్కడ సమాధానం కాదు. తెలుసుకోకపోవడమే నేరం. అందుచేత ఫోనులో పంపిన లైసెన్సు ఫొటోను నమ్మకుండా అసలు పుస్తకం చూసి, అది ఇచ్చిన కార్యాలయంలో వాకబు చేయడం పండిత లక్షణం.

అమ్మదలచినాను = విక్రయింప నిశ్చయించితిని. కావ్యానికి ప్రాణం ఈ క్రియలో ఉంది. "అమ్మినాను" అన్న పాఠాంతరం కొన్ని అర్జీల్లో కనిపిస్తుంది. అది అర్జీ కాదు, నేరాంగీకార పత్రం. ముందుగా తెలపకపోయినా, 45 రోజులు నిండకముందే అమ్మినా 25వ సెక్షన్, 3వ ఉపసెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానా ఒక పూట హోటలు ఖర్చేనని తేలిగ్గా తీసుకునేవారు, ఆ అంకెకు ముందున్న జైలు మాట చదవనివారు.

శంక: ఈ 45 రోజుల్లో కొనేవాడు "చేలో రెండు గుళ్లు పేల్చి చూసుకుని తెస్తా" నంటే ఇవ్వవచ్చునా?

సమాధానం: కూడదు. అమ్మేవాడి ఇంట్లోనే మడత విప్పి, కిటికీ వెలుతురుకు ఎత్తి, గొట్టాల లోపల తుప్పు గుంటలున్నాయేమో ఒక కన్ను మూసి చూసుకోవచ్చు. గుమ్మం దాటితే చట్టం దాటినట్లే.

శంక: వంద రూపాయల స్టాంపు పేపరు మీద, ఇద్దరు సాక్షుల సంతకాలతో, "నేటి నుండి ఈ తుపాకితో నాకెట్టి సంబంధము లేదు" అని రాయించుకుంటే చాలదా?

సమాధానం: తెలుగునాట స్టాంపు పేపరుకున్న మహిమ అందరికీ తెలిసిందే. కాని స్కూటరు అమ్మినట్టు రాసుకున్న ఆ కాగితం అమ్మేవాడికి, కొనేవాడికి మధ్య సొమ్ము తగాదా వస్తే పనికొస్తుంది. అమ్మేవాడికి, సర్కారుకు మధ్య దానికి నోరు లేదు. సంబంధం లేదని తనకు తాను చెప్పుకున్నా లైసెన్సు పుస్తకంలో తుపాకి ఇంకా అతని పేరనే ఉంటుంది. ఆ తుపాకి ఎక్కడ పేలినా మొదట తట్టేది అతని తలుపే. రక్షణ ఈ అర్జీదే తప్ప ఆ పత్రానిది కాదని సిద్ధాంతం.

చిత్తగించవలెను = మనసునందుంచుకొనవలెను. లౌకికార్థం: నకలు మీద తేదీతో ముద్ర కొట్టించి ఇవ్వవలెను. 45 రోజుల లెక్క సమాచారం అందించిన రోజు నుంచే గనుక, ముద్రలేని అర్జీకి ఆరంభమే లేదు. స్టేషనులో "పెట్టి వెళ్లండి, చూస్తాం" అంటే, రిజిస్టరు పోస్టులో రసీదుతో పంపడం శ్రేష్ఠం. ఎన్నికల వేళ తుపాకి స్టేషనులో జమైతే, అది తిరిగి చేతికి వచ్చేదాకా అప్పగింత సాగదు.

తాత్పర్యం: లైసెన్సు గల గృహస్థు లైసెన్సు గల మరొక గృహస్థుకు తన తుపాకిని అమ్మబోతూ, ఎవరికి అమ్ముతున్నాడో ముందే చెప్పి, నెలన్నర ఓపిక పడుతున్నాడని భావము.

అధ్యాహారం: మూలంలో లేకున్నా తెచ్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. అప్పగించిన నాడు తుపాకి నెంబరు, ఇద్దరి లైసెన్సు నెంబర్లు, తేదీ, సొమ్ము రాసి ఇద్దరూ సంతకం చేసిన రసీదు ఉండాలి. అమ్మినవాడి లైసెన్సులోంచి ఆ తుపాకి తీసివేయించుకోవాలి, కొన్నవాడి లైసెన్సులో ఎక్కిందని చూసుకోవాలి. మూలకర్త తూటాల ఊసే ఎత్తలేదు, ఇది లోపం. అవీ అమ్మేట్లయితే అర్జీలో ఎన్నో రాసి చేర్చాలి, చట్టం తుపాకికి పెట్టిన షరతులే వాటికీ పెట్టింది. అమ్మకుండా లైసెన్సు మాత్రం అప్పగించేస్తే, బీరువాలో చీరల కింద మిగిలిన డబ్బాను కూడా 21వ సెక్షన్ ప్రకారం స్టేషనులో జమ చేసి రసీదు తీసుకోవాలి.