కేబీ రావు గారు

డబ్బు దగ్గర కేబీ రావు గారిది పెద్ద చెయ్యి. క్యాంటీన్‌లో టీ డబ్బులు ఇంకెవర్నీ ఇవ్వనివ్వరు. అప్పు అడిగినవాడికి లేదనరు. ఎంగిలి చేత్తో కాకిని తోలకపోవడమంతా కిలోబైట్ల దగ్గరే. ఆయన అసలు పేరులో కే లేదు, బీ లేదు. ఆఫీసు కుర్రాళ్లు చాటుగా పెట్టుకున్న పేరు ఆయన చెవిన పడ్డ రోజు గొడవవుతుందని భయపడ్డాం. ఆయన మురిసిపోయారు. ఎంబీ రావు అనలేదు కదా అన్నది ఆయన తృప్తి.

వెబ్‌సైట్లు తయారుచేసే కంపెనీల్లో ఈ రకం మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు. పోల్చుకోవడం తేలిక. మీ పాప బారసాల ఫొటో చూపించండి. పాప ఎవరి పోలికో చెప్పరు, ఫైలు ఎంతుందని అడుగుతారు.

ఈయన్ని హోటల్‌కి తీసుకెళ్తే అంతే సంగతులు. టేబుల్ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మనకి బిర్యానీ కనిపిస్తుంది, ఆయనకి దాని బరువు కనిపిస్తుంది. "నాలుగు ఎంబీ అండీ! ఒక్క బిర్యానీ నాలుగు ఎంబీ!" అని లేచి నిలబడతారు. ఓసారి సర్వర్ వచ్చి సింగిలా, ఫుల్లా అని అడిగితే, "ముందు దీన్ని వెబ్‌పీ చెయ్యమనండి" అన్నారు. అతను వినయంగా, "అది మా దగ్గర దొరకదు సార్, చికెన్ సిక్స్టీఫైవ్ ఉంది" అన్నాడు.

బిర్యానీ వచ్చేలోపు చరిత్ర వస్తుంది. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ అనే ఆయన అమెరికాలో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో ఉండగా, 1972లో, కొసైన్ లెక్కతో బొమ్మల్ని కుదించవచ్చు, పరిశోధనకి డబ్బివ్వండి అని అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ని అడిగారు. ఆలోచన మరీ తేలిగ్గా ఉందని వాళ్లు ఇవ్వలేదు. ఆయన వదల్లేదు. టి. నటరాజన్, కె.ఆర్. రావులతో కలిసి 1974లో పేపరు అచ్చేశారు. 1992లో వచ్చిన జేపెగ్ అనే ఫొటో ఫార్మాట్‌కి ఆ లెక్కే ఆధారం. ఇక్కడ మన రావు గారు ఆగి, అందరి మొహాలూ ఒకసారి చూసి, "కె.ఆర్. రావంటే ఎవరనుకున్నారు? కామిశెట్టి రామమోహనరావు!" అంటారు. ఆ ఇంటిపేరు తెలిసినప్పట్నుంచీ కిలోబైట్ల పొదుపు మన రక్తంలోనే ఉందని ఆయన నమ్మకం.

తర్వాత వెబ్‌పీ పురాణం. జేపెగ్ బొమ్మని ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా కోసి, కంటికి ఆననిది పారేస్తుంది. 2010 సెప్టెంబరులో గూగుల్ బయటపెట్టిన వెబ్‌పీ వీడియోల కోసం చేసిన వీపీ8 పద్ధతిలోంచి పుట్టింది. పక్క గడిని చూసి ఈ గడి ఎలా ఉండొచ్చో ఊహించి, ఊహకీ నిజానికీ ఉన్న తేడా మాత్రమే రాసుకుంటుంది. అదే నాణ్యతకి జేపెగ్ కన్నా 25 నుంచి 34 శాతం తక్కువ బరువని గూగుల్ చెప్పిన లెక్క. ఆ అంకెలు పలికేటప్పుడు రావు గారి గొంతు గద్గదమవుతుంది. యాపిల్ వాళ్ల సఫారీ మాత్రం 2020 దాకా దాన్ని గడప తొక్కనివ్వలేదు. ఆ పదేళ్లూ ఐఫోన్ ఉన్నవాళ్లతో ఆయన ముక్తసరిగానే మాట్లాడారు. ఈలోగా 2019లో ఏవిఫ్ వచ్చింది, అది ఇంకా పొదుపు. కొత్త బ్రౌజర్‌కి ఏవిఫ్, కాస్త పాతదానికి వెబ్‌పీ, మరీ పాతదానికి జేపెగ్ అని ఒక్కో బొమ్మకి మూడేసి కాపీలు పెట్టించారు. బరువు తగ్గించే ఈ యజ్ఞంలో మా సర్వర్ నిండిపోయింది.

చీరల షాపు సంగతి చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టే కాదు. షాపు యజమాని కెమెరామన్‌ని పెట్టి గద్వాల చీరల్ని ఫొటోలు తీయించాడు. రావు గారు వాటన్నిటినీ ఒక్క రాత్రిలో వెబ్‌పీ చేసేశారు. మామూలు వెబ్‌పీకి ఒక గుణం ఉంది. వెలుగునీడల్ని ప్రతి చుక్కకీ రాసుకుంటుంది గానీ, రంగుని నాలుగు చుక్కలకి ఒక్కసారే రాసుకుంటుంది. ఆకాశానికీ అరటితోటకీ ఇబ్బంది లేదు. ఎర్రటి అంచు మీద సన్నటి జరీకి మాత్రం అది గండమే. మర్నాడు యజమాని ఫోన్ చేశాడు.

"రావు గారూ, ఉతక్కుండానే మా చీర రంగు దిగిపోయిందండీ."

"పేజీ ఒక్క సెకనులో తెరుచుకుంటోంది, గమనించారా?"

"తెరుచుకుని ఏం చూడాలండీ?"

ఈ ప్రశ్నకి ఆయన దగ్గర జవాబు లేదు. జరీ అంచుల దగ్గరి ఫొటోలు జేపెగ్‌లోనే ఉంచారు, అదీ రంగు తగ్గించకుండా. వారం రోజులు మనిషి డీలాపడిపోయారు. ఆ వారంలోనే, కొత్తగా చేరిన అమ్మాయొకతె, "సార్, ఈ ఫొటోల వెడల్పు ఆరువేల పిక్సెళ్లుంది. ఫోన్‌లో చూసేదానికి పన్నెండు వందలు చాలు కదా, ముందు అది తగ్గిద్దామా?" అంది. వెడల్పు అయిదో వంతయితే చుక్కలు ఇరవై అయిదో వంతవుతాయి. ఏ వెబ్‌పీ అయినా దాని ముందు దిగదుడుపే. రావు గారు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న అదే సంగతి తన సొంత ఆలోచనగా మాకు గంటసేపు చెప్పారు. ఆ అమ్మాయి కూడా నోట్సు రాసుకుంది.

ఇంటి దగ్గర ఆయన వైభవం చూడాలంటే బ్యాంకు పరీక్షల దరఖాస్తుల సీజన్‌లో వెళ్లాలి. ఐబీపీఎస్ వాళ్లు ఫొటో 20 నుంచి 50 కేబీ మధ్య, సంతకం 10 నుంచి 20 కేబీ మధ్య ఉండాలంటారు. ఆఖరి తేదీ రాత్రి పై అంతస్తు ఆవిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. "అన్నయ్యగారూ, మావాడి ఫొటో మూడు ఎంబీ ఉందట, తీసుకోనంటోంది" అంది. దేశంలో తన మాట వినే సంస్థ ఒకటుందని ఆయన కళ్లు చెమర్చాయి. భోజనం మధ్యలో లేచి, చెయ్యి కడుక్కుని కూర్చున్నారు. చూస్తుండగానే ఫొటో తొమ్మిది కేబీల వెబ్‌పీ అయింది. వెబ్‌సైట్ జేపెగ్ కావాలంది. పళ్లు కొరుకుతూ జేపెగ్ చేశారు, పద్నాలుగు కేబీ. అదీ వద్దంది. కుర్రాడు భయపడుతూనే చెప్పాడు, "ఇరవైకి తగ్గకూడదట అంకుల్."

తక్కువైందని తిరగ్గొట్టడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. బరువు పెంచడానికి చెయ్యి రాలేదు. పదిహేను చేశారు, పదిహేడు చేశారు, నీళ్లు తాగారు, ఇరవై పాయింట్ మూడు దగ్గర ఆపేశారు. "ఇంకో అయిదు పెంచండి అంకుల్, సేఫ్‌గా ఉంటుంది" అన్నాడు కుర్రాడు. రావు గారు కళ్లజోడు తీసి వాడి వంక జాలిగా చూశారు.

"కేబీలు ఊరికే రావు బాబూ."

ఆయన్ని భరించడం కష్టం. కానీ సిగ్నల్ ఒక్క గీత మీద కొట్టుమిట్టాడే ఊళ్లలో కూడా ఆ షాపు చీరలు గబగబా తెరుచుకుంటున్నాయి, ఆర్డర్లు కూడా వస్తున్నాయని యజమానే ఒప్పుకున్నాడు. మీకూ షాపుండి, దాని వెబ్‌సైట్ తెరుచుకునేలోపు జనం విసిగి వెళ్లిపోతుంటే, మొహమాటపడకుండా ఇలాంటి రావు గారినొకర్ని పిలవండి. అసలు ఫొటోలు మాత్రం ముందే ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టుకోండి. ఒకసారి కుదింపులో పోయిన జరీ మళ్లీ రాదు.