చిటికెడు వింత, చేటెడు కీర్తి

ఒక వస్తువు అతి చిన్నదన్న ఒక్క కారణంతో దాన్ని చూడడానికి దేశాలు దాటి వెళ్లే ఆచారాన్ని రికార్డు యాత్ర అనవచ్చు. ఈ యాత్రకు లక్షణాలు మూడు: చూడవలసినది స్వల్పంగా ఉండాలి, అక్కడికి చేరే శ్రమ అధికంగా ఉండాలి, ఈ రెంటి మధ్య మిగిలిన అగాధాన్ని ఒక ధ్రువపత్రం పూడ్చాలి. పుణ్యక్షేత్రాలకు స్థలమాహాత్మ్యం ఉన్నట్టే ఈ క్షేత్రాలకు కొలత మాహాత్మ్యం ఉంటుంది. అందులో దేవుడు సెంటీమీటరు, అర్చకుడు టేపు పట్టుకున్న అధికారి.

స్కాట్లాండ్ ఉత్తర కొసన, ఇన్వర్‌నెస్ నుంచి 160 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి చేరవలసిన విక్ పట్టణంలోని ఎబెనీజర్ ప్లేస్ ఇందుకు ఉత్తమోదాహరణ. ప్రపంచంలోకెల్లా పొట్టి వీధిగా గిన్నిస్ గుర్తించిన దీని పొడవు 2.06 మీటర్లు, ఆజానుబాహువు ఎవరైనా అడ్డంగా పడుకుంటే వీధి దాదాపు నిండిపోతుంది. 1883లో కట్టిన హోటల్ భవనపు ఇరుకు కొసకు 1887లోనే వీధి హోదా దక్కినా, తపాలా చిరునామా గల గుమ్మం లేకపోవడంతో రికార్డు మాత్రం లాంకషైర్‌లోని బేకప్ పట్టణానికి చెందిన ఎల్గిన్ స్ట్రీట్ చేతిలోనే ఉండిపోయింది. 2006లో ఆ కొస గోడకు తలుపు వెలిసింది, దానితో 5.2 మీటర్ల ఎల్గిన్ స్ట్రీట్ రాత్రికి రాత్రి దుబారా నిడివి గల వీధిగా దిగజారింది. 119 ఏళ్లలో ఎబెనీజర్ ప్లేస్ ఒక్క అంగుళమైనా కుంచించుకుపోలేదు. దాని గొప్పతనమంతా వడ్రంగి చలవ.

అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో, రోడ్డు డివైడర్ మీద ఉన్న మిల్ ఎండ్స్ పార్క్ కథ ఇంకా రసవత్తరమైనది. దీపస్తంభం కోసం తవ్వి వదిలేసిన గుంతలో కలుపు పెరుగుతుంటే, డిక్ ఫేగన్ అనే పత్రికా రచయిత 1940లలో అక్కడ పూలమొక్కలు నాటి, తన కాలమ్ పేరే దానికి పెట్టి, అందులో లెప్రికాన్లు, అంటే ఐరిష్ జానపద కథల్లోని మరుగుజ్జు మాయావులు, కాపురముంటున్నారని రాశాడు. రెండడుగుల వ్యాసం గల ఆ గుంత 1976లో అధికారిక నగరోద్యానమైంది. అంతటితో నవ్వులాట దస్త్రాలకెక్కింది. ఒక సందర్భంలో అక్కడికి బుల్లి జెయింట్ వీల్‌ను నిజమైన క్రేన్‌తో దించారు. సుమారు 0.29 చదరపు మీటర్ల ఈ ఉద్యానం నుంచి 2025లో ప్రపంచంలోకెల్లా చిన్న పార్కు అన్న కిరీటాన్ని లాక్కున్నది జపాన్‌లోని నగాయిజుమి పట్టణం, 0.24 చదరపు మీటర్ల పార్కుతో. అంటే ఏ4 కాగితమంత కూడా లేని తేడాతో. విశేషమేమిటంటే ఆ జపాన్ పార్కు 1988 నుంచీ అంతే ఉంది. కాబట్టి మూడున్నర దశాబ్దాలకు పైగా యాత్రికులు ప్రపంచంలో రెండో చిన్న పార్కు ముందు నిలబడి, మొదటిదానికి చెందవలసిన ఆశ్చర్యాన్ని ప్రకటించి వెళ్లారన్నమాట. అయినా వారి ఆనందానికి లోటేమీ రాలేదు. వారు చూసింది మొక్కను కాదు, కాగితాన్ని.

ఇందువల్ల చిన్న ఊళ్లకు నాలుగు డబ్బులొస్తాయన్న సమర్థన నిజమే, అమ్ముకునేవారిని తప్పుపట్టవలసిన పనీ లేదు. కాని అదే విక్ పందొమ్మిదో శతాబ్దంలో హెర్రింగ్ చేపల వేటకు యూరప్‌లోనే పేరెన్నికగన్న రేవు. అక్కడి పల్ట్నీటౌన్‌కు ప్రణాళిక గీసినవాడు థామస్ టెల్ఫోర్డ్ అంతటి ఇంజినీరు. పోర్ట్‌లాండ్‌లోనే 2,000 హెక్టార్లకు పైబడిన ఫారెస్ట్ పార్క్ ఉంది. రేవును అర్థం చేసుకోవాలంటే చరిత్ర చదవాలి, అడవిని చూడాలంటే కాళ్లు అరగాలి. రెండడుగుల గుంతకు ఇవేవీ అక్కరలేదు గనుకే అది అజరామరం. పోర్ట్‌లాండ్ శివార్లలోని హిల్స్‌బొరో, బీవర్టన్‌లలో స్థిరపడిన తెలుగు పిల్లలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఆ డివైడర్ దగ్గర నిలబెట్టి ఫొటో తీసినప్పుడు, సొంత పెరట్లో అంతకు నాలుగింతల తులసికోట కట్టుకున్న ఆ పెద్దలు మర్యాదకు తలూపడం వినా చేయగలిగింది లేదు.

యాత్రికుల గురి ధ్రువపత్రమే అయినప్పుడు దాన్ని ఆయా దేశాల విమానాశ్రయాల్లోనే వేలాడదీయడం న్యాయం. దిగినవారు దాని పక్కన ఫొటో తీయించుకుని, జన్మ ధన్యమైందనుకుని, తదుపరి విమానంలో తిరిగి పోవచ్చు. విక్ రేవుకు మాత్రం రేవును చూడాలని బయలుదేరినవారే చేరుకుంటారు.