పులుసు వాయిదా

కోడి తన గుడ్డు తానే తింటోందని పొక్కిన ఇంటికి పరామర్శకు ఎవరూ రారు. తీర్పు చెప్పడానికి వస్తారు. పాలవాడు వస్తాడు, ఎదురింటావిడ వస్తుంది, కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన కుర్రాడు కూడా మీటరు మానేసి గూటి వంక చూస్తాడు. ఒకరు పులుసంటారు, ఇంకొకరు వేపుడంటారు, అంతే తేడా. కోళ్ల విషయంలో మనవాళ్ళ శిక్షాస్మృతి మొత్తం పోపులపెట్టెలో పట్టేస్తుంది. తిన్నది ఏ కోడి, ఎందుకు తిన్నది, అసలు ఆ గుడ్డు పగిలింది ఎలా అని అడిగిన పాపాన ఒక్కరూ పోరు.

మాది గుంటూరు శివారు. పెరట్లో ఒక వేపచెట్టు, ఒక నీళ్ళతొట్టి, రేకుల కప్పు కింద ఆరు పెట్టలు. రెండు నాటువి, నాలుగు గ్రామప్రియలు. ఈ గ్రామప్రియ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థవాళ్ళు పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం. నాటు పెట్ట ఏడాదికి 60, 70 గుడ్లు పెట్టి ఇక మీ ఖర్మ అంటుంది. గ్రామప్రియ 200 దాటిస్తుంది. పేర్లు పెట్టింది మా ఆవిడ. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’ ఆవిడకు డైలాగులతో సహా కంఠతా వచ్చు కనుక, అందరినీ పొడిచేదానికి గుండమ్మ అనీ, అందరిచేతా పొడిపించుకునేదానికి లక్ష్మి అనీ, ఎటు గాలి వీస్తే అటు నడిచేదానికి సరోజ అనీ పేర్లు కుదిరాయి. మిగిలిన మూడూ జూనియర్ ఆర్టిస్టులు.

గూట్లో గుడ్లు తగ్గడం మొదలవగానే మొదట ఎలుక మీద, తర్వాత ముంగిస మీద అనుమానం పోయింది. కానీ బయటి దొంగయితే సరుకు ఎత్తుకుపోతాడు. మా గూట్లో సొనతో తడిసి అట్టకట్టిన గడ్డి, వేలిగోరంత పెంకుముక్క దొరికాయి. అంటే ఇంటిదొంగే. ఇక చూడండి, ఇంట్లో వాళ్ళందరి వేళ్ళూ ఒక్కసారిగా గుండమ్మ వైపు తిరిగాయి. సరిగ్గా అప్పుడే రేపల్లె నుంచి దిగిన మా అత్తగారు గుండమ్మను ఎగాదిగా చూసి, “అల్లుడుగారూ, దాని కళ్ళు చూశారా? అది గుడ్డుతో ఆగే రకం కాదు. ఆదివారానికి కానిచ్చేద్దాం” అన్నారు. ఆదివారం రెండ్రోజుల్లో ఉంది.

ముద్దాయి తరఫున వకీలు లేడు కాబట్టి ఆ పని నేను తీసుకున్నాను. గుడ్డు తిన్న కోడిని పట్టుకోవడానికి పెద్ద అపరాధ పరిశోధకుడు అక్కర్లేదు. సొన ఆరితే జిగురు. ముక్కు మీదా, మొహం చుట్టూ ఉన్న ఈకల మీదా పసుప్పచ్చగా అంటుకుని ఉంటుంది. మధ్యాహ్నం వరసగా ఆరింటినీ పట్టుకుని మొహాలు చూశాను. గుండమ్మ మొహం తలంటు పోసుకున్నంత శుభ్రంగా ఉంది. సొన మరకలతో దొరికిపోయింది లక్ష్మి.

మా ఆవిడ నమ్మలేదు. “లక్ష్మా? పాపం, అది నోట్లో వేలు పెడితే కొరకదండీ” అంది. కోడి నోట్లో ఎవరూ వేలు పెట్టరు కాబట్టి ఆ వాదన నిలవలేదు. అత్తగారు మాత్రం క్షణంలో తీర్పు సవరించారు. “అయితే లక్ష్మినే కానిద్దాం.” ఆవిడ పట్టింపు ఆదివారం గురించి గాని, పేరు గురించి కాదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. కోళ్ల పెత్తనాలను శాస్త్రంగా రాసి పెట్టినవాడు నార్వే దేశస్థుడు, షెల్డెరప్-ఎబ్బె అని ఒకాయన. చిన్నప్పటి నుంచే ఇంటి కోళ్ల దగ్గర కూర్చుని ఎవరు ఎవర్ని పొడిచారో పుస్తకంలో రాసుకునేవాడట. మన ఇళ్ళలో అలాంటి పిల్లాణ్ణి ఆ సాయంత్రమే ట్యూషన్లో పడేసేవాళ్ళం. వాళ్ళు వదిలేశారు, 1920ల మొదట్లో అది పరిశోధన అయి కూర్చుంది. ఆయన తేల్చిందేమిటంటే, మందలో ఒక వరస ఉంటుంది. ఒకటో కోడి అందరినీ పొడుస్తుంది, రెండోది ఒకటోదాన్ని తప్ప అందరినీ, అలా దిగుతూ పోతే ఆఖరిది ఎవరినీ పొడవదు. మధ్యలో తిరకాసులూ ఉంటాయి. ఒకటి రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని పొడిస్తే, ఆ మూడోది పోయి ఒకటోదాన్ని పొడుస్తుంది. వరస ఒకసారి కుదిరాక నిజానికి పోట్లాటలు తగ్గుతాయి, మెడ ఒక్క విసురు విసిరితే చాలు. ఈకలు ఊడి, నెత్తురు కనబడే దాకా వచ్చిందంటే ఎక్కడో చోటు చాలడం లేదన్నమాట. ఇరుకు గూడు, ఒకే గిన్నె, ఒకే నీళ్ళ పళ్ళెం, ఉన్నట్టుండి దింపిన కొత్త కోళ్లు, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది.

మా పెరట్లో గిన్నె ఒకటే. దాని ముందు గుండమ్మ. లక్ష్మి వంతు వచ్చేసరికి గిన్నెలో మిగిలేది తవుడు దుమ్ము. గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. తిన్నదంతా ఒంటబట్టదు కాబట్టి గుడ్లు పెట్టే కోడికి రోజుకు 4 గ్రాముల దాకా కావాలి. తవుడు దుమ్ములో అదెక్కడ దొరుకుతుంది? దానికి తోడు మా గుంటూరు ఎండ. వేడికి కోడి నోరు తెరిచి ఒగరుస్తుంది. ఒగర్చినకొద్దీ ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి, పెంకు కట్టడానికి కావలసిన సరుకు తగ్గి, పెంకు పలచబడుతుంది. ఒక్కోనాడు పెంకే లేకుండా తోలుగుడ్డు పెడుతుంది. అలాంటి గుడ్డును ఆరు పెట్టలకూ ఉన్న ఒకే ఒక్క గంపలో పెడితే, వెనక క్యూలో ఉన్నది తొక్కి చిట్లగొడుతుంది. కారిన సొనను ఆకలిమీదున్న కోడి రుచి చూస్తుంది. అందులో మాంసకృత్తులున్నాయి, పెంకులో కాల్షియం ఉంది, గిన్నె దగ్గర దొరకనివన్నీ ఉన్నాయి. రేపటి నుంచి అది పగిలేదాకా ఆగదు. ఒకదాన్ని చూసి ఇంకొకటి నేర్చుకుంటుంది.

అంటే గుండమ్మ దొంగ కాదు గానీ, దొంగను తయారుచేసింది అదే. ఈ మాట చెబితే అత్తగారు ముఖం వెలిగించుకుని “మరి రెండూ?” అన్నారు.

పులుసును ఆపినవాడు మా పక్కింటాయన. మిర్చియార్డులో కమీషను వ్యాపారి. “మాస్టారూ, చంపడమెందుకండీ? గుడ్డుకి చిల్లి పొడిచి, సొన తీసేసి, తేజ కారం కూరండి. ఒక్కసారి ముక్కు పెట్టిందా, జన్మలో గుడ్డు వంక చూడదు” అని, కారం కూడా తనే తెచ్చిచ్చాడు. ఇది చాలామంది చెప్పే చిట్కాయే. సైన్సు మేస్టరుగా రిటైరైనవాణ్ణి, ఫలితం ఏమిటో నాకు ముందే తెలుసు. కానీ గుంటూరులో మిర్చి వ్యాపారితో మిరపకాయ పనిచెయ్యదని నోటితో చెప్పడం క్షేమం కాదు. చూపించాలి.

మిరపలో మంటకు కారణమైన కాప్సైసిన్ మనలాంటి పాలిచ్చే జంతువులకే మంట. పక్షుల నరాలకు అది తగిలినట్టే తెలియదు. ఇందులో మిరపమొక్క యుక్తి ఉంది. ఎలుకలు కొరికితే గింజ నలిగి పిండైపోతుంది, పిట్టలు మింగితే గింజ చెక్కుచెదరకుండా ఊరవతల పడి మొలుస్తుంది. అందుకే మన జామచెట్ల మీది రామచిలకలు పచ్చిమిరపకాయను జామపండు లెక్కన తింటాయి.

కారం గుడ్డు గూట్లో పెట్టాం. కాలనీ సగం గోడ మీద ఉంది. లక్ష్మి వచ్చింది, పొడిచింది, తిన్నది, ముక్కు గడ్డికి తుడుచుకుని ఇంకోటి ఉందేమోనని గడ్డి కెలికింది. ఈలోగా గుండమ్మ దాన్ని పక్కకు నెట్టి మిగిలిన కారం ఊడ్చేసింది. వ్యాపారి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. చాలాసేపటికి, “కోల్డ్ స్టోరేజీ సరుకు అంటగట్టినట్టున్నారు మాస్టారూ” అన్నాడు. పట్టుదల కొద్దీ కొత్త పంట కారం తెచ్చి కొన్నాళ్ళు దాణాలోనే కలిపించాడు. కోళ్లు వద్దనలేదు.

ఇక అసలు చికిత్స అంతా వడ్రంగి చేతిలో ఉంది. గుడ్డు కోడి కళ్ళబడకపోతే తినదు. కాబట్టి పెట్ట కూర్చునే పెట్టెకు అడుగుభాగం వాలుగా ఉండాలి, అడుగుకు ఓ అంగుళం, అంగుళన్నర చాలు. పెట్టగానే గుడ్డు దొర్లి వెనక అరలోకి జారిపోతుంది. కోడి లేచి తిరిగి చూసేసరికి ఏమీ ఉండదు. ముందువైపు గోనెపట్టా వేలాడదీస్తే లోపల చీకటిగా ఉండి ప్రశాంతంగా పెడుతుంది. నాలుగైదు పెట్టలకు ఒక పెట్టె చొప్పున ఉంటే తోపులాట ఉండదు, మాకు రెండు చాలు. మా వడ్రంగి బొమ్మ చూసి, “గుడ్డు పెడుతుంటే జారిపోయే మంచవేంటండీ” అని నవ్వి, తర్వాత గంభీరంగా మారి, ఈశాన్యం మూల మాత్రం పెట్టనన్నాడు. కోడికి వాస్తు ఏమిటని నేననలేదు. పెట్టె తూర్పుగోడకు చేరింది.

పెట్టె వచ్చేదాకా కృష్ణ ఒడ్డున ఏరుకొచ్చిన తెల్లటి గుండ్రాయి ఒకటి పాత గంపలో పడేశాను. లక్ష్మి దాన్ని పొద్దున్నుంచి పొడిచింది. రాయి పగల్లేదు, ముక్కు నొప్పెట్టింది, దానికి విసుగొచ్చింది. దాణా కొట్లో షెల్ గ్రిట్ దొరుకుతుంది, అది విడిగా ఒక చిప్పలో పోశాను. అవసరమైన కోడి అవసరమైనంత తింటుంది. వాడేసిన గుడ్డు పెంకులు కూడా వెయ్యొచ్చు గానీ ఎండబెట్టి బాగా పొడి చెయ్యాలి. పెద్ద ముక్కలు వేశామంటే దొంగకు నమూనా చూపించినట్టే. గిన్నెలు మూడయ్యాయి, ఒకదానికొకటి కనబడకుండా చెట్టుకు ఇటొకటి, తొట్టికి అటొకటి. గుండమ్మ ఎంత గయ్యాళిదైనా ఒకేసారి మూడుచోట్ల ఉండలేదు. కాలక్షేపానికి తోటకూర కట్ట ఒకటి తాడుకు కట్టి వేలాడదీస్తే, ఒకదాన్నొకటి పొడిచే తీరికలో సగం దానికి పోయింది. పొడుపులకు లక్ష్మి వీపు మీద పడ్డ పుండుకు వేపనూనె పసుపు రాసి, మానేదాకా విడిగా ఉంచాం. ఎరుపు కనబడితే కోళ్లు అదే చోట మళ్ళీ మళ్ళీ పొడుస్తాయి.

దీనికి అమెరికాలో ఒకాయన ఇంకా నాగరికమైన ఉపాయం కనిపెట్టాడు. 1903లో కోళ్లకు కళ్లజోడు పేటెంటు తీసుకున్నాడు, పక్క కోడి కళ్ళు పొడవకుండా. ఆ తర్వాత ఎర్రద్దాల జోళ్ళు కూడా వచ్చాయి, నెత్తురు నెత్తురులా కనబడకుండా. నిజంగానే అమ్మారు. మా ఆవిడ తన కళ్లజోడు రెండేళ్ళుగా మార్పించలేదని ఈ సందర్భంలో గుర్తుచేసింది. పెద్ద ఫారాల్లోనయితే పిల్లలుగా ఉన్నప్పుడే వేడి బ్లేడుతో ముక్కు కొస కోసేస్తారు. ముక్కులో నరాలుంటాయి, నొప్పి ఉంటుంది. పెరట్లో పురుగూ పుట్రా ఏరుకుని బతికే కోడికి అది చెయ్యి తీసేయడమే. నాకు నచ్చదు.

గుండమ్మకు జైలుశిక్ష పడింది. తిండీ నీళ్ళూ పెట్టి, మిగతా కోళ్లకు కనబడకుండా, వీధి వరండాలో వలపెట్టెలో కొన్నాళ్ళు. అది లేనప్పుడు మందలో మిగతావి వరస మళ్ళీ రాసుకుంటాయి, తిరిగొచ్చేసరికి దానిది కొత్త కోడలి హోదా. ఆ రోజుల్లో అత్తగారు పొద్దున్నే కాఫీ గ్లాసుతో వరండాలో కూర్చుని దానితో కబుర్లు మొదలెట్టారు. ఆదివారం వచ్చింది, పోయింది. “దీనికేవండీ, మనిషిలా వింటుంది” అన్నారు. నేనా విషయం పొడిగించలేదు.

విడుదలయ్యాక గుండమ్మ మూడోస్థానంలో సర్దుకుంది. గద్దె ఎక్కింది సరోజ. ఎటు గాలి వీస్తే అటు నడిచేదనుకున్నాం గానీ, గాలి వీయించడం కూడా వచ్చు దానికి. అయినా గిన్నెలు మూడుండటంతో దాని పొడుపులు చాలావరకు మొక్కుబడికే. లక్ష్మి ఇప్పటికీ ఆఖరిదే, కానీ వీపు నిండా ఈకలొచ్చాయి, గుడ్లు వెనక అరలోకి దొర్లుతున్నాయి.

ఒక్కటే చిక్కు మిగిలింది. మిరపలోని ఎర్రరంగు సొనలోకి దిగుతుంది. దాణా తయారుచేసేవాళ్ళు సొన రంగు తేలడానికి మిరప సారం వాడేదీ అందుకే. కారం తిన్నన్నాళ్ళూ మా గుడ్ల సొన పొద్దుగూకేవేళ సూర్యుడిలా ఉంది. మా ఆవిడ ఆ గుడ్లు నాలుగిళ్ళకు పంచింది. కారం అయిపోయాక సొన మామూలు పసుపుకొచ్చేసింది. నిన్న పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, చేతిలో కేజీ పొట్లం ఎత్తి చూపించాడు. “మాస్టారూ, ఇది పక్కా కొత్త సరుకు. కోళ్లకు పెట్టండి. గుడ్లు మాత్రం డజను మా ఇంటికే. కారం నాది కాబట్టి రేటు దగ్గర కాస్త చూసి చెప్పండి.”