గోడను చూసొద్దాం రండి

నిజాం నగలు ముంబై రిజర్వు బ్యాంకు ఖజానాలో క్షేమంగా ఉన్నాయని, హైదరాబాదుకు తేవడం కన్నా భద్రత దృష్ట్యా అక్కడే ఉండటం మేలని ఢిల్లీ పెద్దలు మళ్లీ సెలవిచ్చారు. సంతోషం. 1995లో కేంద్రం 218 కోట్లు పోసి కొన్న 173 నగలు చీకట్లో చల్లగా ఉన్నాయంటే మ్యూజియం అన్న మాటకు అసలు అర్థం ఇప్పటికి తెలిసింది. చూసేవాడే లేకపోతే దిష్టి తగలదు, దుమ్ము పడదు, దొంగ రాడు. ఇంత గొప్ప సూత్రాన్ని నగలతోనే ఆపేస్తే పాతబస్తీకి అన్యాయం చేసినట్టే. సాలార్‌జంగ్ మ్యూజియంతో మొదలుపెట్టాలి. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్న రెబెకా పాలరాతి విగ్రహానికి ముసుగు ముందే ఉంది, కాబట్టి సగం పని అయిపోయింది. పైన ఇంకో ఉక్కు ముసుగు వేస్తే చాలు. అక్కడి సంగీత గడియారంలోని బుల్లి మనిషి సంగతి మరీ ఘోరం. గంటగంటకూ బయటికొచ్చి, అంత జనం ఎదుట గంట కొట్టి పోతాడు! లోపలే కూర్చుని కొట్టమనాలి. పురానీ హవేలీలో ఆరో నిజాం బట్టల బీరువా పొడవు 176 అడుగులంటారు. ఏ లాకర్లోనూ పట్టదు కనుక దాని చుట్టూ లాకరే కట్టాలి. ఇక చార్మినార్ 1591 నుంచి నాలుగు దిక్కులా బాహాటంగా కనిపిస్తూనే ఉంది. ఇంత పెద్ద లోపం ఇన్నాళ్లూ ఏ భద్రతాధికారి కంటా పడలేదంటే ఆశ్చర్యమే.

మనవరాలికి సెలవురోజున ఊరు చూపించాలనుకునే తాతలకు ఇలా అన్నీ మూసేస్తే శ్రమ తప్పుతుంది. నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి ముంబై; స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే నగలున్న రిజర్వు బ్యాంకు. పులిహోర పొట్లం విప్పుకుని, “అదిగో బంగారూ, ఆ గోడ వెనకే మన జేకబ్ వజ్రం” అని చూపించవచ్చు. “నువ్వు చూశావా తాతా?” అని పిల్ల అడిగితే, 2001లోనో 2006లోనో సాలార్‌జంగ్‌లో ప్రదర్శన పెట్టినప్పుడు వరసలో నిలబడ్డ తాతలు తలెత్తుకుని అవునంటారు. ఆనాడు పుట్టిన పిల్లలకు ఓటుహక్కు కూడా వచ్చేసింది. నగలు మాత్రం 2019లో ఢిల్లీ దాకా వెళ్లొచ్చాయి. అంత దూరం పోయి రావడానికి అడ్డురాని భద్రత హైదరాబాదు పేరెత్తగానే ఎందుకు గుర్తొస్తుందో మరి.

దొంగలున్నారు కదా అంటారు. ఉన్నారు. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలోకి వెంటిలేటర్ గుండా దిగి బంగారు టిఫిన్ డబ్బా ఎత్తుకుపోయారు. హైదరాబాద్ పోలీసులు రోజుల్లోనే పట్టుకొచ్చారు. దొంగ అందులో భోంచేశాడన్న సంగతి కూడా వాళ్లు చెప్పిందే. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? పైగా సాలార్‌జంగ్‌కు కాపలా కాస్తున్నది కేంద్ర బలగమే. తన తుపాకీని తానే నమ్మనివాడికి మనమేం ధైర్యం చెబుతాం? ఖర్చు తడిసి మోపెడవుతుందన్నది ఇంకో అభ్యంతరం. సాలార్‌జంగ్ జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అని 1961లో పార్లమెంటే చట్టం చేసింది. అంత ప్రాముఖ్యానికి ఒక గట్టి గది కట్టించలేకపోతే ఆ చట్టాన్ని కూడా ఖజానాలోనే పెట్టుకోవచ్చు.

ఏడో నిజాం జేకబ్ వజ్రాన్ని కాగితాల మీద బరువుగా వాడాడని చెప్పుకుంటారు. పిసినారిగా పేరుపడ్డవాడి బల్ల మీదైనా అది వచ్చినవాడి కంటికి ఆనేది. కృష్ణ ఒడ్డు గనుల్లో దొరికిందనే కోహినూరును తెల్లవాడు పట్టుకుపోయాడు. అయినా టికెట్టు కొన్నవాడికల్లా లండన్ టవర్లో చూపిస్తున్నాడు. లాక్కుపోయినవాడు చూపిస్తాడు, మన డబ్బుతో కొన్నవాడు దాచేస్తాడు! ఎవరి నుంచి ఈ భద్రత? ఆ నగలు నిజాముల చెమటతో వచ్చినవి కావు. ఎండిన చెరువు కింద పొలానికి కూడా శిస్తు కట్టిన రైతు, కూలి లేకుండా వెట్టి చేసిన మనిషి వాటికి మొదటి ధర చెల్లించారు. 1995లో ఖజానా డబ్బు రెండోసారి చెల్లించింది. రెండుసార్లు ధర కట్టినవాళ్ల మునిమనవరాలు ఇప్పుడు మూసీ ఒడ్డున చూడటానికి వస్తే, ముంబై వెళ్లి గోడ చూసుకోమనడానికి సిగ్గుండాలి.