గోడపత్ర సంజీవని

అవతారిక: కోలాచల మల్లినాథసూరి కాళిదాసుని కావ్యములకు సంజీవని యను వ్యాఖ్య వ్రాయ బూనినపుడు, ఆధారము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు ప్రతిజ్ఞ చేసినాడు. మెతుకుసీమవాడైన ఆ తెలుగు పండితుని ప్రతిజ్ఞలో మొదటి సగమును శిరసావహించి, రెండవ సగమును మాత్రము కొంత సడలించుకొని, అనకాపల్లి గవరపాలెములో నొక గోడమీద, సినిమా కాగితమునకును పురుగుమందుల ప్రకటనకును నడుమ అతికింపబడి, ఇంతవరకు ఏ వ్యాఖ్యాత కంటను బడక యున్న యొక లఘుగ్రంథమునకు టీకాతాత్పర్యములు వ్రాయుచున్నాను. పతంజలి సూత్రములకు వ్యాసభాష్యము కలదు; దానిపై వాచస్పతిమిశ్రుని తత్త్వవైశారది, విజ్ఞానభిక్షువు వార్తికము కలవు; భోజరాజు రాజమార్తాండము వేరుగ నున్నది; స్వాత్మారాముని హఠయోగప్రదీపికకు బ్రహ్మానందుని జ్యోత్స్న కలదు. ఇన్ని వ్యాఖ్యలుండియు నం దొక్కటియు, తరగతి ఏ వీధిలో జరుగునో, చాప యెవరు తేవలెనో చెప్పిన పాపమున పోలేదు. ఆ లోటు తీర్చునది ఈ గోడకాగితమే.

మూలము: “యోగా తరగతులు. ఉదయం 5.30 నుండి 6.30 వరకు, కల్యాణమండపం మేడమీద. బి.పి., షుగరు, నడుంనొప్పి, టెన్షన్ మాయం. ఖాళీ కడుపుతో, వదులు దుస్తులతో, చాప తెచ్చుకొని రావలెను. ఆడవారికి ప్రత్యేక బ్యాచ్. క్రమం తప్పక వచ్చువారికే ఫలితం. సెల్:” అటుపై అంకెలు.

టీక. “యోగా తరగతులు”: పతంజలి యోగమునకు ఎనిమిది అంగములు చెప్పినాడు, సూత్రములు నూటతొంబదికి పైబడి యుండగా ఆసనమునకు ప్రత్యేకముగా దక్కినవి మూడే. గోడకాగితపు యోగములోనన్ననో ఆసనప్రాణాయామములే ముప్పాతిక మువ్వీసము; తక్కిన ఆరింటిని, అనగా అబద్ధమాడకుండుట, పరుల సొమ్ము కాశింపకుండుట మొదలైన కఠినవిషయములను, నెల జీతము పుచ్చుకొని నేర్పుదుమని యెవరును ప్రకటించినట్లు లేదు. ఇందుకు గోడకాగితమును నిందింప బనిలేదు. సూర్యనమస్కారములను వ్యాయామముగ దేశమంతట వ్యాపింపజేసినవాడు ఔంధు సంస్థానాధిపతి భవాన్ రావు పంత్ ప్రతినిధి. మైసూరు మహారాజు ప్రాపున 1930ల నుండి యోగగురువు కృష్ణమాచార్యులు నేర్పిన ఆసనముల వరుస నేటి పెక్కు తరగతులకు మాతృక. అందుచేత మేడమీది యోగమునకు ముత్తాతలు ఋషులైనను, తాతలు మాత్రము సంస్థానములలోని కసరత్తుశాలల వారని యెరుంగునది.

అనకాపల్లివారికి పద్మాసనము బొత్తిగా క్రొత్తదియు గాదు. ఊరికి చేరువనే, శంకరము వద్ద, బొజ్జన్నకొండ రాతిగుహలో బుద్ధభగవానుడు పద్మాసనస్థుడై వెయ్యేండ్లకు పైబడి కదలక కూర్చుండియున్నాడు. గత శతాబ్ది తొలి దశకమున అలెగ్జాండర్ రీ త్రవ్వకములు జరిపించి స్తూపవిహారములను వెలికితీసినదాక, ఆ కొండ యొక సంఘారామమన్న మాటయే చాలమందికి తెలియదు. గుహలోని ఆ గురువు ఉచితముగా బోధించును. కాని శిష్యుని మోకాలు పట్టినదో లేదో విచారింపడు గనుక, మనకు సజీవుడైన శిక్షకుడు కావలసియున్నాడు.

“ఉదయం 5.30”: సూర్యోదయమునకు రెండు ముహూర్తముల ముందు ఆరంభమై ఒక ముహూర్తము ముందు ముగియునది బ్రాహ్మీముహూర్తమని ప్రసిద్ధి, ముహూర్తమనగా నలువదియెనిమిది నిమిషములు. జనవరి నడుమ అనకాపల్లిలో సూర్యుడు ఇంచుమించు ఆరున్నరకు ఉదయించును గనుక, అప్పటి 5.30 నిక్కముగా బ్రాహ్మీముహూర్తమే. జూను నెలలో సూర్యుడు ఇంచుమించు 5.25కే పొడసూపును గనుక, అప్పటి 5.30 ఎండ తగులు వేళ. సంవత్సరము పొడుగునను గడియారము నొక్కచోట నిలిపి, శీతకాలమున ఋషులను, వేసవిని ఆఫీసులకు పోవువారిని తృప్తిపరచిన గ్రంథకర్త చాతుర్యము కొనియాడదగినది.

“కల్యాణమండపం మేడమీద”: ఇది గ్రంథమునకు ప్రాణపదమైన చోటు. చాలమంది పాఠకులు ‘బి.పి. మాయం’ అన్నచోట ఆగుదురు. వివేకి ‘మేడమీద’ అన్నచోట ఆగి, తన యింటినుండి ఆ మేడకు ఎన్ని అడుగులని లెక్కించుకొనును. ముప్పది కిలోమీటర్లకు మించిన దూరమున విశాఖపట్టణమున్నది. అక్కడ ఆంధ్ర విశ్వవిద్యాలయములో యోగమునకు ప్రత్యేక విభాగమే కలదు. 2025 జూన్ 21న, పదునొకండవ అంతర్జాతీయ యోగదినమున, ఆర్.కె. బీచి మొదలు భోగాపురము దాక సముద్రపుటొడ్డున, ప్రధానమంత్రి సమక్షమున, మూడు లక్షలమందికి పైగా ఒక్కసారి చేతులెత్తి దించినారు. అది చూడ ముచ్చటైన సంగతియే. కాని యీ టీకాకారుని ధ్యానమంతయు జూన్ 22వ తేదీమీదనే యున్నది. ఆనాడు ఆదివారము; సముద్రము లేదు, ప్రధానమంత్రి లేడు; లేచి పోవుటకు వీధిచివరి మేడ యున్నవానికి యోగము మిగిలినది, లేనివానికి ఫొటో మిగిలినది.

మేడకు దోషములు లేకపోలేదు. మాఘఫాల్గుణములలో క్రింద పెండ్లిండ్లు జరుగును. తెల్లవారుజాముననే గాడిపొయ్యిమీద ఉప్మాకు తాలింపు వేయుదురు. ఆవాలు, కరివేపాకు, జీడిపప్పు నేతిలో వేగు పరిమళము మెట్లెక్కి వచ్చి, “దీర్ఘముగా ఊపిరి పీల్చుడు” అని గురువుగారు ఆదేశించిన క్షణముననే నాసికాపుటములను చేరును. అంత శ్రద్ధగా పూరకము చేయు శిష్యులను మరి యే ఋతువునందును చూడబోము.

విశేషము: ఇట్టి మేడ దొరకనివారు ఏమి చేయవలెనన్నచో, 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి జిల్లాకేంద్రమైనది గనుక ఆయుష్ శాఖవారిని విచారింపవచ్చును, ఆ శాఖ నడపు ఆరోగ్యమందిరములలో యోగశిక్షకులను నియమించు పద్ధతి కలదు. ఎన్టీఆర్ స్టేడియములో ప్రొద్దున నడచువారి నడిగినచో ఎవరి శిష్యులు నిలిచిరో, ఎవరి శిష్యులు మూడవనాడే చాప చుట్టిరో నిష్పక్షపాతముగా తెలియును. శిక్షకునికి కేంద్రప్రభుత్వపు యోగా సర్టిఫికేషన్ బోర్డువారి పత్రమున్నచో మేలు. అంతకంటె మేలైన పరీక్ష యొకటి కలదు. మొదటినాడు మీ చేతిలోని రుసుము చూడకముందే, “తమకు రక్తపోటు ఉన్నదా? కంటి ఒత్తిడి ఉన్నదా? ఆపరేషను లేమైన జరిగినవా?” అని అడిగినవాడు గురువు. ఏలన, నీటికాసులు గలవాడు శీర్షాసనము వేసినచో కంటిలోని ఒత్తిడి పెరుగును. గర్భిణులకును, హృద్రోగులకును, హెర్నియా ఉన్నవారికిని కపాలభాతి భస్త్రికలు తగవు. ఏమియు నడుగక తలక్రిందులు చేయువానికి దూరమునుండి నమస్కరించి రావలెను.

“మాయం”: ఇచ్చట అతిశయోక్త్యలంకారము. కువలయానందస్వామి 1924లో లోనావలాలో కైవల్యధామము స్థాపించి, ఆసనము వేసినపుడు ఒడలిలోపల నేమి జరుగునో యంత్రములతో కొలువ మొదలిడిన నాటనుండి నేటివరకు జరిగిన పరిశోధనలలో ‘మాయం’ అన్న మాట ఎచ్చటను కానరాదు. ‘కొంత తగ్గును’ అన్నదే వారి నిత్యప్రయోగము. ఆ ‘కొంత’కు వివరము: దీర్ఘకాలపు నడుంనొప్పికి యోగాభ్యాసము కొంత మేలుచేయునన్నదానికి సాక్ష్యము కలదు, అమెరికా వైద్యుల కళాశాలవారు 2017లో మందుబిళ్ళలకంటె ముందు ప్రయత్నింపదగినవానిలో దీనిని చేర్చినారు. రక్తపోటు కొన్ని అంకెలు దిగును. మాత్ర మానుటకు అది చాలదు, మాత్రకు తోడగుటకు చాలును. నిమిషమునకు పదునైదు మారులు విడుచు ఊపిరిని ఆరు మారులకు తగ్గించి, లోనికి పీల్చినదానికంటె వెలికి విడుచుట దీర్ఘము చేసినపుడు గుండెవేగము నిదానించును; ‘టెన్షన్’ అను వ్యాధికి పనిచేయునది ముఖ్యముగా ఈ ఉపాయమే. వృద్ధులకు ఒంటికాలిమీద నిలుచు వృక్షాసనము పడిపోవుభయమును తగ్గించును. చక్కెరవ్యాధికి అండగా నిలుచునే కాని విరుగుడు కాదు.

చక్కెరమాట వచ్చినది గనుక ఒక్కమాట. దేశములోని పెద్ద బెల్లపు అంగళ్ళలో నొకటైన మా యూరిలో, బెల్లము తినినచో షుగరు రాదని వాదించువారు వీధికొకరున్నారు. చక్కెరకంటె బెల్లములో ఇనుము మొదలైన లవణములు కొంత హెచ్చు. ఐనను నెత్తురులోనికి దిగినపిమ్మట రెండింటికి నడుమ చెప్పదగిన భేదము లేదు. ఈ వాక్యము వ్రాసినందుకు టీకాకారుడు కొన్నాళ్ళు మార్కెటుయార్డు వైపు పోకుండుట క్షేమము.

పూర్వపక్షము: అదే గోడముందు నిలిచిన బెల్లము మార్కెటు కళాసీ యొకడు ఇట్లాక్షేపించెను. “రోజల్లా దిమ్మలు మోసీవోడికి ఈ ఆసనాలెందుకండి మాస్టారూ? ఒంగోడం లెగడం మాకు కొత్తేటి?” సిద్ధాంతము: ఆక్షేపము బలమైనది; మేడయెక్కు ఉద్యోగులకంటె అతనికి కండపుష్టి హెచ్చు. కాని దిమ్మలు మోయువాడు ముందుకే వంగును, వెనుకకు వంగడు. ఒక్క భుజముమీదనే మోయును, రెండవదానికి సెలవు. బరువెత్తునపుడు ఊపిరి బిగబట్టును. ముందుకు వంగినదానికి భుజంగాసనముతో ప్రతివిధానము, కుడికి తిరిగినదానికి ఎడమకు తిరుగుట, బిగబట్టిన శ్వాసకు విడుదల, ఇవి పనిలో దొరకవు. మేడమీదివారు సైతము గర్వింప బనిలేదు. వారానికి కనీసము నూటయేబది నిమిషములు మధ్యమశ్రేణి వ్యాయామము కావలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. మెల్లని ఆసనములు చాలవరకు ఆ శ్రేణికి చేరవు. కాబట్టి వారు నడవవలెను, కళాసీ పడుకొని శవాసనము వేయవలెను. అతడు ఈ తీర్పులో రెండవభాగమును మాత్రము వెంటనే అంగీకరించినాడు.

“ఖాళీ కడుపుతో”: భోజనమైన మూడు నాలుగు గంటల పిమ్మట ననుట. కాఫీ కడుపులో చేరునా చేరదా అను విచికిత్స యున్నది. ద్రవమైనందున చేరదని కాఫీవాదులు. పాలు, పంచదార ఉన్నందున చేరునని ఛాందసులు. సగము గ్లాసుతో ముంగలి వంపులలో పుల్లత్రేపులు రాకున్నచో చేరలేదనియే నిర్ణయము. ఇన్సులిను గాని, చక్కెర దించు మాత్రలు గాని వాడువారికి మాత్రము ఇందులో పరిహాసము లేదు. వారు వైద్యుని అడుగక ఖాళీ కడుపుతో చెమటపట్టునంతగా శ్రమింపరాదు.

“చాప తెచ్చుకొని”: గీత ఆరవ అధ్యాయములో దర్భలు, జింకచర్మము, వస్త్రము ఒకదానిపై నొకటి పరువుమని యున్నది. గవరపాలెములో ఆ వరుస తారుమారై, జంపఖానా, ఈతచాప, రంగురంగుల ప్లాస్టిక్కు చాప, రబ్బరు మ్యాటు పక్కపక్కనే కానవచ్చును. ప్లాస్టిక్కు చాప తెచ్చువారు అధోముఖశ్వానాసనమున జాగరూకులై యుండవలెను. రాత్రి మంచుకు చెమ్మగిలిన గచ్చుమీద ఆ చాప ముందుకు జారును, చాపతో అరచేతులు, అరచేతులతో గృహస్థుడు, ఎదుటివాని మడమలదాక పోయి ఆగును. జంపఖానా జారదు, కాని ఉతకవలెను. వదులు దుస్తులను గూర్చి చెప్పవలసినది లేదు.

“ఆడవారికి ప్రత్యేక బ్యాచ్”: సమయము చెప్పబడలేదు, ఇది మూలములోని ఏకైక లోపము, పెద్ద లోపము. 5.30కు ఇంటిలో పాలు కాగవలెను, పిల్లల క్యారేజీలు కట్టవలెను, మేడమీదినుండి శాంతచిత్తుడై దిగివచ్చు పురుషునికి ఇడ్లీ సిద్ధముగా నుండవలెను. నడుంనొప్పి హెచ్చుగా నున్నవారికి వేళ నిర్ణయింపక, తక్కువగా నున్నవారికి నిమిషములతో నిర్ణయించుట ఏ శాస్త్రసమ్మతమో తెలియదు. విచారింపగా సాయంకాలము నాలుగింటికని యొకరు, పదకొండింటికని యొకరు చెప్పిరి. రెండును వంటకు వంటకు నడుమ దొరకిన సందులే.

“క్రమం తప్పక”: ఇది కాగితములో అన్నింటికంటె చిన్న అక్షరములతో అచ్చైనది. పైనున్న ‘మాయం’ బొటనవ్రేలంత యున్నది. చెరకురసమును పెనములో కాచువాడు గడియారము చూడడు. బుడగల తీరు చూచును, చెంచెడు పాకము నీటిలో వేసి వ్రేళ్ళతో నలిపి చూచును, ముందు దించిన దిమ్మ కట్టదు, ఆలస్యమైన మాడును. ఆసనమున నిలుచు కాలమును ఇట్లే శిష్యుని ముఖమును, శ్వాసను చూచి గురువు నిర్ణయింపవలెను. మంట ఆర్పి మరునాడు వెలిగించినచో ఆ రసము బెల్లము కాదు గనుక గానుగవాడు నడుమ లేవడు. శిష్యుడో, వాన వచ్చెనని, చుట్టములు వచ్చిరని, నూకాలమ్మ జాతర వచ్చెనని లేచును. పైన చెప్పిన ‘కొంత’ మేలులు చాలవరకు వారాలతరబడి చేసినవారిలో కొలిచినవే; మానినవారికి నిలుచునని ఎవరును హామీ ఇయ్యలేదు.

“సెల్”: చివరి అంకె వానకు చెరిగి పాఠభేదమునకు తావిచ్చినది. 3 అని ప్రాచ్యపాఠము, 8 అని పాశ్చాత్యపాఠము, అనగా గోడకు తూర్పున నిలిచి చదివినవారిది, పడమట నిలిచినవారిది. తెల్లవారి 5.45కు రెండింటికిని ఫోను చేసి చూచితిమి. 3 గలవాడు వెంటనే యెత్తి, ఇటుక లారీ బయలుదేరినదా అని యడిగెను. 8 గల ఫోను మ్రోగి మ్రోగి ఆగినది. పగలు తినని దేవదత్తుడు లావుగా నున్నచో రాత్రి తినుచున్నాడని గ్రహించునట్లు, అర్థాపత్తి ప్రమాణముచేత 8 యే సాధుపాఠమని నిర్ణయించితిమి. ఆ వేళ ప్రాణాయామము జరుగుచుండును, జరుగుచుండగా ఫోను ఎత్తువానికి రుసుము కట్టరాదు.