బ్యాచ్ దిగింది, ఫీజు దిగలేదు

చాతుర్వర్ణ్యం పోయిందని నమ్మేవాళ్ళెవరైనా ఉంటే ఒకసారి పొద్దున్నే మా కొవ్వూరు రావాలి. గోదావరి దాటి రాజమండ్రి వెళ్ళే కాలేజీ బస్సు దగ్గర ఏ కుర్రాణ్నయినా ఆపి "ఏం చదువుతున్నావు బాబూ?" అని అడగాలి. గ్రూపు చెప్పడు, బ్యాచ్ చెబుతాడు. ఐఐటీ బ్యాచ్, మెయిన్స్ బ్యాచ్, ఎంసెట్ బ్యాచ్, ఐపీఈ బ్యాచ్. సరిగ్గా నాలుగే. ఎంసెట్ పోయి ఈఏపీసెట్ వచ్చి ఏళ్ళు గడిచినా బ్యాచ్ పేరు మాత్రం చెక్కుచెదరలేదు. వర్ణాల పేర్లు అంత తొందరగా మారవు కదా. నలుగురిదీ ఎంపీసీయే. ఒకటే బోర్డు, ఒకే రకం హాల్ టికెట్టు, పబ్లిక్ పరీక్షలో ఒకటే పేపరు. ఏ గదికి ఏ మాస్టారు వస్తారన్న దాంట్లోనే తేడా అంతా.

ఐపీఈ అంటే ఇంటర్మీడియట్ పబ్లిక్ పరీక్ష. ఇంటర్ చదివే ప్రతివాడూ రాయాల్సిందే. అందరూ రాసే పరీక్షకి విడిగా ఒక బ్యాచ్ దేనికంటే, వీళ్ళు ఇంకేదీ రాయరని యాజమాన్యం ముందే తీర్మానించిందన్నమాట. అప్పటికి కుర్రాడికి నిండా పదహారేళ్ళు.

దిగడం ఎలా జరుగుతుందో చూడముచ్చటగా ఉంటుంది. ఆదివారం వీకెండ్ ఎగ్జామ్. సోమవారానికి రాంకులు. తండ్రి ఫోనుకి మెసేజీ. అలా రెండు మూడు వారాలు రాంకు కిందికి జారితే, మెసేజీ ఆగిపోయి ఫోనే వస్తుంది: "ఒకసారి వచ్చి కలవండి." మా వీధిలో అరటి గెలల వ్యాపారం చేసే ఆయనకి ఆ ఫోనొచ్చింది. తోడు రమ్మంటే వెళ్ళాను. కాలేజీ పేరు అడక్కండి. గోదావరికి ఆ గట్టు మీద ఏ హోర్డింగు చూసినా అదే అనుకోవచ్చు.

"మీవాడు చాలా మంచివాడండీ" అన్నాడు డీన్.

తండ్రి మొహం పాలిపోయింది. కాలేజీలో మంచివాడంటే రాంకు లేనివాడని ఆయనకీ తెలుసు.

"లెక్కల్లోనే కాస్త స్లో అండి. ప్రెషర్ తట్టుకోలేకపోతున్నాడు."

"ప్రెషర్ పెడుతోంది ఎవరండీ?"

"మేమేనండి. వాడి మంచికేనండి."

"మరయితే కాస్త తగ్గించండి."

"ఆయ్, అదేనండి నేనూ చెప్పేది. ఐపీఈ బ్యాచ్‌లో వేద్దాం. అక్కడ అస్సలు ప్రెషర్ ఉండదు."

"మరేం ఉంటుందండీ?"

డీన్ కాసేపు ఆలోచించి, "ఫ్యాన్లుంటాయండి" అన్నాడు.

ఇంకోటి కూడా ఉంటుంది. దాని పేరు ఇంపార్టెంట్ క్వశ్చన్లు. ఫంక్షన్స్‌లో ఫలానా సిద్ధాంతం, లోకస్‌లో ఫలానా లెక్క, మేట్రిసెస్‌లో ఒకటి, స్ట్రెయిట్ లైన్స్‌లో ఒకటి. ఇవి బట్టీ కొడితే గట్టెక్కుతావు, మిగతా పుస్తకం తెరవొద్దు. ఫంక్షన్ అంటే ఏమిటి సార్ అని ఎవడైనా అడిగాడో, "అది ఐఐటీ బ్యాచ్‌కి రా" అంటారు. రుజువుని పద్యంలా అప్పజెప్పడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న కళే. ఇక్కడ పద్యానికి అర్థం అడగడమే నేరం.

నాకు ముచ్చటేసిన సంగతి వేరే ఉంది. ఈ డీన్లకి లెక్కలు రావని మనం పొరపాటు పడుతుంటాం. వాళ్ళకొచ్చినంత లెక్క ఆ ఐఐటీ బ్యాచ్‌కి కూడా రాదు. ఉత్తీర్ణత శాతం అనేది భిన్నం. పైన లవం, కింద హారం. ఆ భిన్నం విలువ పెంచడానికి దారులు రెండు. లవం పెంచాలంటే మాస్టార్ని పెట్టాలి, జీతం ఇవ్వాలి, అర్థంకాని కుర్రాడి పక్కన కూర్చుని మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. మహా కష్టం. హారం తగ్గించాలంటే తండ్రికి ఒక ఫోను కొడితే చాలు. ఐఐటీ బ్యాచ్‌లోంచి నలుగుర్ని తీసేస్తే ఆ బ్యాచ్ సగటు పెరుగుతుంది. ఎంపీసీలోంచి పదిమందిని సీఈసీకి పంపిస్తే ఎంపీసీ శాతం పెరుగుతుంది. పదో తరగతిలోనే అనుమానం ఉన్నవాడి తల్లిదండ్రుల్ని పిలిచి "ఓపెన్ స్కూల్లో కట్టించండి, మీకే తేలిక" అంటే, జూన్‌కల్లా సెంటర్లో ఫ్లెక్సీ లేస్తుంది: నూటికి నూరు శాతం! అందులో అబద్ధం అక్షరమైనా లేదు. మిగిలినవాళ్ళలో అందరూ పాసయ్యారు.

పిల్లాడికి లెక్కలంటే నిజంగా గిట్టకపోతే మానేయడంలో తప్పేముంది అని మీరనొచ్చు. తప్పే లేదు. కాకపోతే ఈ దయ ఎప్పుడూ సెప్టెంబరులోనే పుడుతుంది. ఏప్రిల్‌లో పిల్లాణ్ని చేర్పించమని వచ్చిన కాలేజీ పీఆర్వో మన అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నప్పుడు అదే కుర్రాడు "నాకు చరిత్ర ఇష్టమండి, హెచ్ఈసీ తీసుకుంటాను" అంటే పీఆర్వో కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. "బంగారంలాంటి బుర్రండి, ఎంపీసీ కాకపోతే భవిష్యత్తు ఉండదండి" అని తల్లి వైపు చూస్తాడు. ఆమె కొంగు కళ్ళకద్దుకుంటుంది. సెప్టెంబరులో ఆ బుర్రే "నేను ఎంపీసీలోనే ఉంటానండి, ఇంకో రెండు నెలలు టైమివ్వండి" అంటే, సీఈసీలో ఎంత వెలుగు ఉందో చార్టర్డ్ అకౌంటెంట్ల ఫొటోలతో సహా చూపిస్తారు. అడిగినప్పుడు ఇవ్వరు, వద్దన్నప్పుడు అంటగడతారు.

ఈ వైభవమంతా కార్పొరేట్ కాలేజీల సొత్తే అనుకుంటే పెద్దలకి అన్యాయం చేసినట్టే. పాతకాలపు ఎస్సెస్సెల్సీలో లెక్కలు రెండు రకాలు: కాంపోజిట్ మాథమాటిక్స్, జనరల్ మాథమాటిక్స్. కాంపోజిట్ చదివినవాడు ఇంజినీరు కాగలడు. జనరల్‌లో పడ్డవాడికి ఆ తలుపు అక్కడితో మూత. మా పైతరం వాళ్ళు చెప్పడం, ఆడపిల్లయితే అడిగే పని కూడా పెట్టుకోకుండా జనరల్ అని రాసేసేవారట. "పెళ్ళయ్యాక పాల లెక్క వస్తే చాలదూ" అన్నది అప్పటి కెరీర్ కౌన్సెలింగ్. ఆ పాల లెక్కతోనే ఇల్లూ పొలం అప్పూ మూడూ నడిపిన బామ్మలు ఈ గోదావరి జిల్లాల్లో ఇంటికొకరున్నారు. వాళ్ళ రాంకు ఎవరూ ప్రకటించలేదు.

తర్వాత ఢిల్లీ వాళ్ళు ఆ పని ఇంకొంచెం నాజూగ్గా చేశారు. 2020 పదో తరగతి పరీక్షలనుంచి సీబీఎస్ఈలో లెక్కలు స్టాండర్డ్ అనీ బేసిక్ అనీ రెండయ్యాయి. సిలబస్ ఒకటే, తరగతి గది ఒకటే, ప్రశ్నపత్రమే వేరు. పిల్లాడి మీద భారం తగ్గించడానికన్నారు. ఉద్దేశం మంచిదే. ఉద్దేశాలకెప్పుడూ నూటికి నూరు మార్కులే. తీరా పిల్లాడు బేసిక్ అని టిక్కు పెట్టాలా వద్దా అన్నది ఇంట్లో మరో పెద్ద పరీక్షయి కూర్చుంది.

సాంకేతిక విద్యని నియంత్రించే ఏఐసీటీఈ అయితే 2021లో ఏకంగా లెక్కలూ, ఫిజిక్సూ లేకుండానే కొన్ని ఇంజినీరింగ్ కోర్సుల్లో చేరొచ్చని పుస్తకంలో అచ్చేసి, దేశమంతా గోల చేస్తే వివరణలు ఇచ్చుకుంది. మన ఇంటర్ బోర్డు వారు 2025-26 నుంచి ఏ, బీ అని రెండుగా ఉన్న లెక్కల పేపర్లని ఒకటి చేసి, ఏడాదికి 150 మార్కుల్ని 100కి దించారు. దీన్ని తప్పుపట్టను. పిల్లాడికి ఒక పరీక్ష తగ్గింది. పైగా లెక్కలతోపాటు జీవశాస్త్రం కూడా చదవాలంటే చదువుకోవచ్చన్నారు. అలా తలుపు తెరిచే పని ఎవరు చేసినా దండం పెడతాను. కానీ మా ఊరి డీన్‌కి ఇందులో కనబడింది ఒక్కటే: ఇక రెండు పేపర్లకి కాకుండా ఒక్క పేపరుకే ఇంపార్టెంట్ క్వశ్చన్లు అచ్చేయించొచ్చు.

అమెరికాలో మనవాళ్ళ బాధ తలకిందులు. శాన్ ఫ్రాన్సిస్కోలో 2014లో ఎనిమిదో తరగతి పిల్లలకి ఆల్జీబ్రా తీసేశారు. అందర్నీ ఒకే మెట్టు మీద ఉంచుదామని. తల్లిదండ్రులు పదేళ్ళు పోరాడితే, 2024లో ఓటర్లు కూడా తిరిగి పెట్టాలన్నారు. ఇక్కడ ఆల్జీబ్రాకి భయపడి పారిపోయినవాడే అక్కడ కొడుక్కి ఆల్జీబ్రా చెప్పడం లేదని స్కూలు మీటింగులో మైకు పట్టుకుంటాడు. దూరపు కొండలు నునుపు, దూరపు లెక్కలు తేలిక.

అసలు ఈ గోదావరి ప్రాంతానికి లెక్కలు కొత్తేమీ కాదు. పావులూరి మల్లన రాజరాజనరేంద్రుడి కాలంవాడని ఒక వాదం. అదే నిజమైతే, ఎదురుగట్టున నన్నయ భారతం తెనిగిస్తున్న రోజుల్లోనే ఈయన మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. లెక్క అర్థంకాని తెలుగువాణ్ని వేరే పందిట్లో కూర్చోబెట్టాలని ఆయనకి తోచలేదు. పీఆర్వోలు లేని కాలం, ఏం చేస్తాం.

మళ్ళీ డీన్ గదిలోకి వద్దాం. అరటి గెలల ఆయన చివరికి సరేనన్నాడు. "మరి ఫీజు సంగతేమిటండీ? ఐఐటీ బ్యాచ్‌కని లక్షా ఇరవై వేలు కట్టాను. ఐపీఈ బ్యాచ్‌కి ఎనభై అయిదేనటగా."

డీన్ ఫీజులు చూసే ఏఓని పిలిచాడు. ఏఓ కాలిక్యులేటర్ తీశాడు. చదువు పది నెలలు, అయినవి మూడు. ఏవో కొట్టాడు, చెరిపాడు, మళ్ళీ కొట్టాడు. సాఫ్ట్‌వేర్‌లో చూడాలన్నాడు. సర్వర్ డౌన్ అన్నాడు. అంతసేపూ గోడకానుకుని నిలబడ్డ కుర్రాడు నెమ్మదిగా అన్నాడు: "ఇరవై నాలుగు వేల అయిదొందలు రావాలి సార్. తేడా ముప్ఫై అయిదు వేలు, అందులో పదింట ఏడొంతులు."

ఏఓ కాలిక్యులేటర్ మూసి కుర్రాణ్ని పైనుంచి కిందికి చూశాడు.

"కట్టిన ఫీజు వాపసు ఇచ్చే పద్ధతి లేదు బాబూ. అయినా ఐపీఈ బ్యాచ్ వాడివి, నీకింత స్పీడెందుకు?"